ఏ పని మనది, ఏ పని మేస్త్రీది?

ఇంటి మరమ్మతులు సొంతంగా చేసుకోవడం పడమటి దేశాల అలవాటనీ, మేస్త్రీలు దొరికే మన ఊళ్లలో దాని అవసరం లేదనీ చాలామంది అభిప్రాయం. ఇందులో మొదటి మాట చరిత్రకు నిలవదు. సిమెంటు రాకముందు తెలుగువాళ్ల ఇల్లు ఏటా మరమ్మతు కోరే ఇల్లు. మట్టిగోడ వానకు కరిగేది, పూరికప్పు కొన్నేళ్లకు చివికేది, పెంకుటింటి మీద కోతులు గంతులేస్తే పెంకులు జారేవి. తొలకరికి ముందే పెంకులు సర్దుకోవడం, గోడ నెర్రెలకు మట్టి మెత్తడం, నేల పేడతో అలకడం, సంక్రాంతి దగ్గరపడుతుంటే గోడలకు సున్నం, అరుగులకు ఎర్రమట్టి పూయడం, ఇవన్నీ ఇంటిల్లిపాదీ చేసుకున్న పనులే. అందులో ఎక్కువ పాలు ఆడవాళ్లది. దాన్నెవరూ నైపుణ్యం కింద లెక్కకట్టలేదు గనుక మన జ్ఞాపకంలో అది మరమ్మతుగా మిగల్లేదు.

సున్నం సంగతే తీసుకోండి. పిడుగురాళ్ల లాంటి చోట్ల బట్టీల్లో కాల్చిన రాయి గుల్లసున్నమై ఊళ్లకు వచ్చేది. తొట్టిలో వేసి నీళ్లు పోస్తే బుసబుస పొంగి కుతకుత ఉడికేది. పిల్లల్ని ఆ దరిదాపులకు రానిచ్చేవారు కాదు. చింది కంట్లో పడితే చూపే పోవచ్చు. చల్లారాక గుడ్డలో వడగట్టి, పిసరంత నీలిమందు, పట్టు కోసం కాస్త బంక కలిపి, నార కుంచెతో పూసేవారు. వేసేటప్పుడు నీళ్లలా ఉండే పూత ఆరేకొద్దీ తెల్లబడుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని తిరిగి సున్నపురాయిగా మారుతుంది, అందుకే గోడను పట్టుకుని ఉంటుంది. రసాయనశాస్త్రం చదవని ఇల్లాళ్లకు ఎంత ఉడకాలో, ఎంత పలచన చేయాలో, ఏ పూట వేస్తే నిలుస్తుందో తెలుసు.

అయితే ఉలి, బాడిస, రంపం, తాపీ ఆ ఇళ్లలో ఉండేవి కావు. అవి వడ్రంగివీ, కమ్మరివీ, తాపీవాళ్లవీ. నాగలి కర్రు సాగదీసినందుకూ, బండి ఇరుసు సరిచేసినందుకూ కోతలయ్యాక కళ్లంలో వాళ్ల వాటా గింజలు కొలిచి ఇచ్చేవారు. పని కులంతో ముడిపడింది, పనిముట్టు కూడా దానితోపాటే ముడిపడింది. పనిముట్టు పట్టుకోవడం హోదాకు తక్కువన్న భావం అక్కడే పుట్టి, చదువుకున్న ఇళ్లలోకి చెక్కు చెదరకుండా వచ్చింది. ఇంజనీరింగ్ పట్టా ఉన్న కుర్రాడు ప్లగ్గు టాప్ విప్పబోతే "నీకెందుకురా, ఎలక్ట్రీషియన్ వస్తాడు కదా" అనే తల్లిదండ్రులు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాటలో కొడుకు మీద ప్రేమ ఉంది, కరెంటు మీద భయం ఉంది, ఆ పని చేసేవాడి మీద చిన్నచూపూ ఉంది. మొదటి రెండూ అర్థం చేసుకోవచ్చు. మూడోదాన్ని వదిలించుకోవాల్సిందే.

సిమెంటు ఇల్లు వచ్చాక కథ మారింది. పైపులూ తీగలూ గోడలోపలికి వెళ్లిపోయాయి. కంటికి కనిపించే మరమ్మతు పోయి, లోపల ఏం జరుగుతోందో ఊహించాల్సిన మరమ్మతు వచ్చింది. పాత నైపుణ్యాలు పనికిరాకుండా పోయాయి, కొత్తవి ఇంట్లోకి అడుగుపెట్టలేదు. చిన్న పనులకు మేస్త్రీ రాడు. ఆయన్ని తప్పుపట్టలేం; వంద రూపాయల వాషర్ పని కోసం ఊరు దాటి వస్తే ఆయనకు పూట కూలి పోతుంది. పైగా పిల్లలు వేరే ఊళ్లలోనో, వేరే దేశాల్లోనో ఉండి, పెద్దవాళ్లిద్దరే కాపురముండే ఇళ్లు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. రాత్రి పూట పైపు పగిలితే మెయిన్ వాల్వ్ ఎక్కడుందో తెలియని ఇళ్లు అవి.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన పిల్లలు అక్కడ గోడకు రంగు వేసుకుంటారు, కుళాయి మార్చుకుంటారు, పెరటి కంచె వాళ్లే నిలబెట్టుకుంటారు. 1978లో అట్లాంటాలో మొదలైన హోమ్ డిపో లాంటి దుకాణాలు నిలబడింది ఆ అలవాటు మీదే. అక్కడ మనిషి శ్రమకు ధర ఎక్కువ, అందుకే నేర్చుకున్నారు. సెలవులకు విజయవాడలో అమ్మానాన్నల ఫ్లాట్‌కు వచ్చినప్పుడు మాత్రం అదే మనిషి కారుతున్న కుళాయి ముందు నిలబడి మేస్త్రీకి ఫోన్ చేస్తాడు. చేతికి వచ్చిన పనే, చుట్టూ ఉన్న వాతావరణం చేయనివ్వదు. 2018 ఆగస్టులో దేశంలోని మొదటి ఐకియా దుకాణం హైదరాబాద్ హైటెక్ సిటీలో తెరిచినప్పుడు ఇంటికి తెచ్చి బిగించుకునే బల్లలూ అరలూ మనకూ అలవాటు కావడం మొదలైంది. అక్కడ కూడా బిగించడానికి మనిషిని పంపమని అడిగేవాళ్లు ఉంటారు. అడగడంలో తప్పులేదు. కానీ నేర్చుకోవడానికి ఆరు బోల్టులున్న బల్లను బిగించడం కన్నా మంచి పాఠం దొరకదు.

మరి ఏది మనం చేసుకోవాలి, ఏది వదిలేయాలి? కష్టమైన పని మేస్త్రీకి, తేలికైనది మనకు అని పంచుకోవడం సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం. గీత గీయాల్సింది ఒకే ప్రశ్న మీద: చేతిలో పని చెడితే ఏమవుతుంది? నాలుగు చుక్కలు కారితే, గోడకు ఒక కన్నం ఎక్కువైతే, రంగు చారలు పడితే, అది మన పని. ప్రాణం పోయేదైనా, పక్కింటివాడి కప్పు కురిసేదైనా, ఇల్లే కుంగేదైనా మన పని కాదు.

ఈ లెక్కన నీళ్ల పని నేర్చుకోవడానికి మొదటి బడి. కుళాయి కారుతోందంటే కింద చెంబు పెట్టి చూడండి. గంటలో నిండితే రోజుకు ఇరవై నాలుగు చెంబుల నీళ్లు వృథా. పాత ఇత్తడి కుళాయిలో అడుగున రబ్బరు వాషర్ అరిగి ఉంటుంది. ఇప్పటి కుళాయిల్లో సిరామిక్ పలకలున్న స్పిండిల్ మారిస్తే సరిపోతుంది. ముందు ట్యాంకు నుంచి వచ్చే వాల్వ్ కట్టేయాలి. ఏళ్ల తరబడి తిప్పని వాల్వ్ ఉప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది, బలవంతం చేస్తే చేతిలోకి ఊడివస్తుంది. మెల్లగా అటూ ఇటూ కదుపుతూ తిప్పాలి. పైపులో మిగిలిన నీళ్లు వదిలేసి, కుళాయి మెరుపు గీసుకుపోకుండా గుడ్డ చుట్టి పానా వేయాలి. ఊడదీసిన స్పిండిల్‌ను చేత్తో పట్టుకునే దుకాణానికి వెళ్లాలి. పొడవు, తల మీద పళ్ల లెక్క కంపెనీకో తీరుగా ఉంటాయి, నోటిమాటతో చెబితే వేరేది వస్తుంది. కుళాయినే మార్చాల్సి వస్తే మరల మీద తడి తుడిచి, టెఫ్లాన్ టేపును మర బిగిసే దిక్కుకే చుట్టాలి. ఎదురు దిక్కుకు చుడితే బిగించేటప్పుడు ముద్దగా లేచివస్తుంది. ప్లాస్టిక్ మరలను చేతి బిగువు దాటి మరీ బిగిస్తే ఆ రోజు కాకపోయినా నెలకు చీలుతాయి.

ఫ్లష్ ట్యాంకు కారడం ఇంకా దొంగచాటుగా సాగుతుంది. చప్పుడు ఉండదు, మోటారు మాత్రం రోజూ ఎక్కువసేపు వేయాల్సి వస్తుంది. బట్టలకు వాడే నీలిమందు నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి అరగంట ఫ్లష్ చేయకుండా ఉండండి. కింద కమోడ్‌లో నీలం కనబడితే అడుగు రబ్బరు పోయినట్టే. బోరునీళ్ల ఇళ్లలో షవర్ కన్నాలు తెల్లటి పెచ్చు కట్టి మూసుకుపోతాయి. నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానబెడితే కరిగిపోతుంది. దీనికి బాత్రూమ్ యాసిడ్ వాడకండి, లోహపు పూత తినేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా యాసిడ్‌నూ బ్లీచింగ్‌నూ ఒకేచోట కలపకండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపు మూసిన బాత్రూమ్‌లో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది.

గోడ చెమ్మ మాత్రం నీళ్ల పనిలా కనిపించే వేరే సమస్య. చెమ్మ పట్టిన గోడ మీద పుట్టీ పెట్టి రంగు వేస్తే పండగకు బాగుంటుంది, వానాకాలానికి మళ్లీ పొంగుతుంది. చెమ్మ ఎక్కడిదో ముందు తేల్చాలి. గోడ మీద జానెడు ప్లాస్టిక్ కాగితం నాలుగు పక్కలా టేపుతో గాలి చొరకుండా అంటించి ఒకట్రెండు రోజులు ఉంచండి. కాగితం వెనక, గోడ వైపు తడి చేరితే నీరు గోడలోంచి వస్తోంది. ముందువైపు చేరితే గదిలో గాలి ఆడక పట్టిన తేమ. రెండోదానికి కిటికీ తెరిస్తే చాలు. మొదటిది తరచూ పై అంతస్తు బాత్రూమ్‌లో నీళ్లు పోయే జాలీ చుట్టూ వదులైన అతుకుదో, టైల్స్ సందుల్లో రాలిపోయిన సిమెంటుదో అయి ఉంటుంది. అక్కడ మన చేతి పని ఆగిపోయి, పై ఇంటివాళ్లతో మాట మొదలవుతుంది. అపార్ట్‌మెంట్లలో ఎన్నో స్నేహాలు ఈ చెమ్మ దగ్గరే చెడాయి. పరీక్ష చేసి, ఫొటోలు పెట్టుకుని మాట్లాడితే కొంత నయం.

కరెంటు దగ్గరికి వద్దాం. ఇక్కడ చట్టమే గీత గీసింది. 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలూ, తర్వాత 2010లో వచ్చిన భద్రతా నిబంధనలూ చెప్పింది ఒకటే. వైరింగ్ సామర్థ్యం, స్వరూపం మారనంతవరకు బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చి లాంటివి మార్చుకోవచ్చు. కొత్త లైను లాగడం, వైరింగ్ మార్చడం లైసెన్సు ఉన్న కాంట్రాక్టర్ ద్వారానే జరగాలి. ఇది తెలివైన విభజన. మెయిన్ ఆపి పాడైన స్విచ్చిని అదే రకం స్విచ్చితో మార్చడం నేర్చుకోదగిన పని. గీజర్ కోసం లైటు వైరు నుంచే కొత్త ప్లగ్గు తీసుకోవడం ఇల్లు తగలబెట్టే పని; ఆ సన్నని తీగ అంత కరెంటు మోయలేక గోడలోనే కాలుతుంది. మెయిన్ ఆపాక కూడా టెస్టర్ లైటు వెలగలేదని తీగ ముట్టుకోవద్దు. ఆ చిన్న నియాన్ దీపం మన ఒంటి గుండా పోయే స్వల్ప కరెంటుతో వెలుగుతుంది. పొడి చెప్పులు, చెక్క స్టూలు, పగటి వెలుతురు, వీటిలో ఏది అడ్డొచ్చినా తీగలో కరెంటు ఉండగానే లేదన్నట్టు కనబడుతుంది. మెయిన్ ఆపేముందు అదే టెస్టర్‌తో చూసి, ఆపాక మళ్లీ చూసి, అయినా అనుమానంతోనే చేయాలి.

ఎండాకాలం వచ్చిందంటే తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో ఒకే రకం వార్తలు చదువుతుంటాం. కూలర్‌లో నీళ్లు పోస్తూ తల్లి, ఇనుప తీగ దండెం మీద తడిబట్టలు ఆరేస్తూ కోడలు, మోటారు వేయబోయి రైతు. రేకు కూలర్ లోపల నీళ్లలో మునిగే పంపు వైరు పై తొడుగు చిట్లుతుంది, కరెంటు రేకుకు వస్తుంది. ప్లగ్గుకు ఎర్త్ పిన్ను ఉండదు, లేదా గోడలో దానికి తీగే ఉండదు. కింద తడినేల, వట్టికాళ్లు. స్విచ్చి ఆపకుండా నీళ్లు పోయకూడదని అందరికీ తెలుసు, అందరూ ఎప్పుడో ఒకప్పుడు మరిచిపోతారు. ఎంసీబీ ఉందిగా అని ధైర్యపడేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఏమిటంటే, అది తీగ కాలకుండా కాపాడటానికి పెట్టింది. పదహారో ముప్పై రెండో ఆంపియర్లు దాటితే గాని పడదు. మనిషి గుండె ఆగడానికి ఆంపియర్‌లో పదో వంతు కూడా అక్కర్లేదు. మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వస్తోందా అని అది క్షణక్షణం సరిచూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా రాగానే, అంటే ఎవరి ఒంట్లోంచో నేలకు కారుతోందని తేలగానే, రెప్పపాటులో సరఫరా తెంచేస్తుంది. మంచి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించి ఇది పెట్టించడం ఏ ఇంటికైనా చేయదగ్గ మొదటి మెరుగు. టైల్స్ కన్నా, ఫాల్స్ సీలింగ్ కన్నా ముందు ఇది. దాని కోసం లక్షలు అక్కర్లేదు, వేలు చాలు. ఇక ఇనుప తీగ దండేలు ఈ రోజే తీసేసి నైలాన్ తాడు కట్టండి. ఆ పనికి ఎవర్నీ పిలవక్కర్లేదు.

గ్యాస్ గురించి రెండు మాటలు చాలు. నారింజ రంగు సురక్షా గొట్టం ఐదేళ్లకోసారి మార్చాలి, అతుకుల దగ్గర సబ్బునురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడాలి. రెగ్యులేటర్ విప్పకూడదు. వాసన వస్తే స్విచ్చి వేయడం గానీ, తీయడం గానీ చేయకుండా తలుపులు తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయాలి.

గోడకు కన్నం పెట్టడం అందరూ సరదాపడే పని. డ్రిల్లింగ్ మెషిన్ ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది, దానితో పాటు ఉండాల్సిన జాగ్రత్త అంతగా లేదు. స్విచ్చి బోర్డుకు నిలువుగా పైనా కిందా కన్నం పెట్టకూడదు, తీగల గొట్టం ఆ దారినే నడుస్తుంది. కుళాయి పైనా అంతే. ఇటుక గోడలో డ్రిల్లు మెత్తగా దిగి ఎర్రపొడి రాలుతుంది. గట్టిగా అడ్డుతగిలి బూడిదరంగు పొడి వస్తే అది పిల్లరో బీమో. అక్కడ ఆగి చోటు మార్చుకోవాలి. బిట్టు ఎంత సైజో ప్లాస్టిక్ ప్లగ్గు అంతే ఉండాలి, కన్నంలో పొడి ఊదేసి దాన్ని దిగగొట్టాలి. ఊదకపోతే స్క్రూలు వదులవుతాయి. రంగు వేసుకోవడం ఇంకా హాయైన పని, తప్పు చేస్తే మళ్లీ పూయవచ్చు. అందులో శ్రమంతా కాగితం రుద్ది గోడ నున్నగా చేయడంలోనే ఉంది, కుంచె పట్టేసరికి పని ముప్పావు అయిపోయినట్టే.

స్లాబు పెచ్చులు ఊడటం మాత్రం రంగుల పని కాదు. కాంక్రీటులోకి తేమ దిగి లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు ఇనుము కన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికే పెచ్చు రాలుతుంది. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇది ఇంకా తొందరగా వస్తుంది. కింద నుంచి సిమెంటు మెత్తితే తుప్పు దాగి ఉంటుంది, ఆగదు. దీనికి స్ట్రక్చరల్ ఇంజనీరు రావాలి. గది పెద్దది చేద్దామని మధ్యగోడ కొట్టేయడమూ అంతే, ఆ గోడ ఏం మోస్తోందో తేలేదాకా సుత్తి ఎత్తకూడదు.

సెప్టిక్ ట్యాంకు మూత తీసి దిగడం ఇంటివాళ్లూ చేయకూడదు, మరొకరి చేత చేయించనూ కూడదు. లోపలి విషవాయువు రెండు పీల్పుల్లో మనిషిని పడేస్తుంది, కాపాడబోయినవాడు కూడా పడిపోతాడు. 2013 నాటి చట్టం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దింపడాన్ని నేరంగా ప్రకటించింది. బెజవాడ విల్సన్ లాంటి ఉద్యమకారులు దశాబ్దాలుగా ఈ పద్ధతి పోవాలనే పోరాడుతున్నారు. యంత్రపు లారీని పిలవాలి, అంతే. ఐదొందలు తగ్గుతాయని కూలివాణ్ని దింపే ఇంటి యజమానికి క్షమాపణ లేదు.

ఉపకరణాల దగ్గర ప్రశ్న మరో రూపు తీసుకుంటుంది. పాత సీలింగ్ ఫ్యాను మెల్లగా తిరుగుతుంటే చాలాసార్లు కెపాసిటర్ పోయి ఉంటుంది. సాధారణంగా 2.5 మైక్రోఫారడ్ల చిన్న డబ్బా, వంద రూపాయల లోపు వస్తువు, పాతదాని మీద రాసిన అంకె చూసి అదే తెచ్చి మార్చితే ఫ్యాను మళ్లీ కొత్తదవుతుంది. ఆపిన తర్వాత కూడా దానిలో కరెంటు కాస్త నిలిచి ఉండవచ్చు గనుక కొనలు వేలితో తాకకూడదు. కొత్త బీఎల్‌డీసీ ఫ్యాన్లు 75 వాట్ల చోట 30 వాట్ల దరిదాపుల్లోనే తిరుగుతాయి. మంచి మార్పే. అయితే లోపల ఉన్నది సర్క్యూట్ బోర్డు. అది పోతే ఇంట్లో చేసేదేమీ లేదు, కంపెనీ ఇచ్చినప్పుడే బోర్డు, చెప్పినంతే ధర. కరెంటు ఆదా అవుతూ మరమ్మతు చేతిలోంచి జారిపోయే వస్తువులు ఇంటి నిండా పెరుగుతున్నాయి. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరులో పోర్టల్ తెరిచింది. విడిభాగాలు, మరమ్మతు పుస్తకాలు బయటివారికీ అందుబాటులో ఉంచాలన్నది దాని ఉద్దేశం. దాన్ని కంపెనీలకు తప్పనిసరి చేసే చట్టమూ కావాలి. స్క్రూడ్రైవర్‌కు లొంగని స్క్రూలు బిగించి, విప్పితే వారంటీ పోతుందని బెదిరించడం కొన్నవాడి ఆస్తి మీద పెత్తనం చేయడమే.

సొంతంగా చేసుకుంటే మేస్త్రీల పొట్ట కొట్టినట్టు కాదా అనే ప్రశ్న నిజాయితీగా అడిగేవాళ్లున్నారు. హైదరాబాద్ అడ్డాల మీద తెల్లారకముందే నిలబడే కూలీలను చూసినవాళ్లకు ఆ ప్రశ్న రాక మానదు. నా జవాబు ఇది. మనం చేసుకోగల పనులు వాళ్లు రావడానికే ఇష్టపడని పనులు. వాళ్లకు కూడు పెట్టే పనులు చట్టమూ భద్రతా మన చేతుల్లో పెట్టనివి. పైగా ఒక్కసారి రసమట్టం పెట్టి అర బిగించి, బుడగ మధ్యకు రావడానికి ఎంత తంటాలు పడాలో చూసినవాడు వడ్రంగి కూలి దగ్గర బేరమాడటానికి జంకుతాడు. టైల్ సమంగా కూర్చోబెట్టడం ఎంత కష్టమో తెలిసినవాడికి మంచి మేస్త్రీకీ మామూలు మేస్త్రీకీ తేడా తెలుస్తుంది. ఏ సైజు వైరు వేశారు, ఏ పైపు వాడారు అని అడగగలుగుతాడు, సరైన పనికి సరైన డబ్బు ఇవ్వగలుగుతాడు.

ఇదంతా బడిలో మొదలుకావాలి. 1937 వార్ధా విద్యా సమావేశం చేతిపని ద్వారా చదువు చెప్పాలంది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగం, కరెంటు పని లాంటివి స్థానిక పనివాళ్ల దగ్గర నేర్పాలంది. ఆ పది రోజులను బొమ్మలు అతికించే ప్రాజెక్టులతో సరిపెట్టకుండా ఊళ్లోని వడ్రంగినీ ప్లంబర్‌నూ తరగతికి గురువుగా పిలిస్తే, ఆడపిల్లలకూ మగపిల్లలకూ సమంగా పానా అందిస్తే, చిన్నచూపు కూడా అక్కడే కొంత కరుగుతుంది. వీడియోలు చూసి నేర్చుకోవచ్చు గదా అంటారు. చూడండి, తప్పకుండా. కాకపోతే ఆ వీడియోలో గోడ వేరు, మీ గోడ వేరు. మొదటి రెండుసార్లు పని తెలిసినవాడు పక్కనుండగా చేయడమే క్షేమం.

వచ్చే ఆదివారం ఒక గంట కేటాయించండి. మెయిన్ స్విచ్చి, నీళ్ల మెయిన్ వాల్వ్ ఎక్కడున్నాయో ఇంట్లో అందరికీ, పిల్లలతో సహా, చూపించండి. వాల్వ్ తిరుగుతోందో లేదో చూడండి. మీటరు బోర్డులో ఆర్‌సీసీబీ ఉంటే దాని మీద టెస్ట్ అని ఉన్న బటన్ నొక్కండి, టక్కున పడాలి. పడకపోయినా, అసలు అదే లేకపోయినా, సోమవారం ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. అమ్మానాన్నలు ఊళ్లో ఉంటే ఫోన్‌లో దగ్గరుండి వాళ్ల చేత కూడా ఇదే చేయించండి.